కోర్టెన్ జాలీ పెచ్చులూడుతోందా? ముందు ఉప్పు సంగతి చూడండి

నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల కొత్త ఇళ్ళ ముందు తుప్పురంగు జాలీలు ఎక్కువయ్యాయి. లేజర్ కటింగ్‌తో ఆకులూ తీగలూ కోసిన కోర్టెన్ స్టీల్ రేకు. పెయింట్ అక్కర్లేదు, తుప్పే కవచం అని చెప్పి అమ్ముతారు. ఆ మాట సగం నిజం. ఈ స్టీల్లో కొద్దిగా రాగి, క్రోమియం, నికెల్ ఉంటాయి. వానకు తడిసి, ఎండకు ఆరి, మళ్ళీ తడిసి ఆరుతూ పోతే రెండు మూడేళ్ళకు తుప్పు గట్టిపడి రేకును అంటిపెట్టుకుంటుంది. ఆరే వీలే లేకపోతే ఇదీ మామూలు ఇనుములాగే తుప్పుపట్టి పోతుంది.

"పెచ్చులు లేస్తున్నాయండీ"

సముద్రం ఒడ్డునున్న మైపాడు, కొత్తకోడూరు, రామాయపట్నం, కొత్తపట్నం వైపు నుంచి వచ్చే ఫోన్లు ఎక్కువగా ఇవే. ముందు అరచేత్తో రుద్ది చూడండి. మొదటి ఏడాది చేతికి ఎర్రపొడి అంటడం మామూలే, టెన్షన్ వద్దు. గోటితో గీకితే రూపాయి బిళ్ళంత పెచ్చులు ఉల్లిపొరల్లా లేస్తుంటే మాత్రం కవచం కట్టలేదన్నమాట. ఆ చోట ఇక కట్టదు కూడా. రెండో వైపు కూడా చూడండి. వాన తగిలే ముఖం మీద ఉప్పు ఎంతోకొంత కడుక్కుపోతుంది. చూరు కింద, గోడవైపు ఉన్న ముఖం మీద అలాగే పేరుకుంటుంది. అందుకే జాలీ వెనకవైపే ముందు పాడవుతుంది, మనం చూసేదేమో ముందువైపు.

కారణం ఉప్పుగాలి. రేకు మీద చేరిన ఉప్పు తేమను లాక్కుని రాత్రంతా చెమ్మగా ఉంచుతుంది, కట్టబోయే పొరను కట్టనివ్వదు. హవాయిలో 1975లో తెరిచిన అలోహా స్టేడియాన్ని ఈ రకం స్టీల్‌తోనే కట్టారు. సముద్రపు గాలికి తుప్పు ఆగక ఏళ్ళ తరబడి మరమ్మతులు చేయాల్సి వచ్చింది. బ్రిటన్‌లో వంతెనలకు తీరం నుంచి 2 కి.మీ. లోపల దీన్ని వాడొద్దంటారు. జపాన్‌లో పసిఫిక్ వైపు హద్దు 2 కి.మీ. అయితే, చలికాలపు ఉప్పుగాలి బలంగా వీచే జపాన్ సముద్రం వైపు తీరపు ఉత్తర భాగంలో 20 కి.మీ. పెట్టారు. దూరంతోపాటు గాలినీ లెక్కలోకి తీసుకోవాలి మరి. మనకు మధ్యాహ్నం తిరిగితే సముద్రపు గాలి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, మధ్యలో వాయుగుండాలు. తీరానికి 5 కి.మీ. లోపల నేనైతే కోర్టెన్‌కు ఒప్పుకోను. రొయ్యల చెరువుల పక్కనైతే అసలు అడగొద్దు, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు పొద్దస్తమానం ఉప్పునీటిని చిమ్ముతూనే ఉంటాయి.

ఇప్పటికే బిగించేసి ఉంటే, వైరు బ్రష్‌తో రుద్ది పైన పెయింట్ కొట్టి ఊరుకోకండి. గుంటల్లో ఉప్పు మిగిలిపోయి నాలుగు నెలల్లో పెయింట్ పొంగుతుంది. జాలీని విప్పించి, మంచినీళ్ళతో కడిగించి, ఇసుకలాంటి రేణువులను గాలితో బలంగా కొట్టి తుప్పు రాల్చే బ్లాస్టింగ్ చేయించి, అదే రోజు ఎపాక్సీ జింక్ ప్రైమర్, ఆపైన ఎపాక్సీ, చివర్లో పీయూ (పాలీయురెథేన్) పెయింట్ వేయించాలి. కొత్తగా చేయించేవాళ్ళు తుప్పురంగు పౌడర్ కోటింగ్ వేసిన అల్యూమినియం తీసుకోండి. పది అడుగుల దూరం నుంచి తేడా తెలియదు.

"రంగు మచ్చలు మచ్చలుగా వచ్చింది"

రేకు మీద మిల్లు పొర (మిల్లులో వేడిగా సాగదీసినప్పుడు పట్టే నల్లటి పొర), నూనె, చేతిముద్రలు ఉండిపోతే ఇలాగే వస్తుంది. బ్లాస్టింగ్ చేయిస్తే సమంగా వస్తుంది. కనిగిరి, ఉదయగిరి వైపు ఇంకో ఇబ్బంది ఉంది. వానలు తక్కువ కాబట్టి రంగు ముదరడానికి చాలాకాలం పడుతుంది, అది లోపం కాదు. తొందరైతే రోజూ పొద్దున మంచినీళ్ళు చల్లి ఆరనివ్వండి. బోరునీళ్ళు ఉప్పగా ఉంటే చల్లొద్దు. వెనిగర్, పెరాక్సైడ్‌లో ఉప్పు కలిపి చల్లితే ఒక్కరోజులో రంగొస్తుందని వీడియోల్లో చూపిస్తారు. మా సొంత గేటుకు నేనూ చల్లాను. సాయంత్రానికి రంగు అద్భుతం! ఏడాది తిరిగేసరికి మూలల్లో పెచ్చులు. మా ఇంటికి సముద్రం దూరాన ఉన్నా ఉప్పును నేనే ఇంటికి తెచ్చిపెట్టుకున్నాను.

"గ్రానైట్ మీద ఎర్రచారలు"

మొదటి రెండేళ్ళు వాననీళ్ళతో తుప్పు కారక మానదు. చీమకుర్తి నల్లరాయి మీద అంతగా కనబడదు గానీ తెల్ల టైల్స్ మీద పరువు తీస్తుంది. జాలీ కింద గులకరాళ్ళ పట్టీ వేసి, నీళ్ళు పక్కకు పోయేలా వాటం పెట్టండి. పడ్డ మరకకు ఆక్సాలిక్ యాసిడ్ నీళ్ళలో కలిపి, ముందు ఒక మూల రాసి చూడండి.

"కింది అంచు తినేసింది"

మట్టి, ఎండుటాకులు, లాన్ స్ప్రింక్లర్. అంచు ఎప్పుడూ తడిగా ఉంటే అంతే. నేల నుంచి రెండంగుళాలైనా ఎత్తులో బిగించాలి. ఫ్రేముకూ రేకుకూ మధ్య సందులో నీళ్ళు నిలిచినా అక్కడ తుప్పు ఉబ్బి బోల్టులను తోసేస్తుంది. సందు మూయించండి, లేదా గాలి ఆడేంత ఖాళీ వదలండి. గాల్వనైజ్డ్ స్క్రూలు మాత్రం వద్దు, వాటి జింకు త్వరగా అయిపోతుంది.

"ఊరు సముద్రానికి దూరమే, అయినా రేకు పల్చబడిపోతోంది"

అది కోర్టెనేనా? మొదటి నెలలో మామూలు ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) రేకు తుప్పు కూడా అచ్చం ఇలాగే ఉంటుంది, కంటితో చెప్పలేం. రేకు తయారైన మిల్లు ఇచ్చే టెస్ట్ సర్టిఫికెట్ అడగండి. అందులో రాగి కనీసం 0.2 శాతం ఉండాలి. సర్టిఫికెట్‌లోని హీట్ నంబరు (ఏ విడత కరిగించిన స్టీలో చెప్పే నంబరు), రేకు మీద ముద్రించిన నంబరు ఒకటేనా అన్నది కటింగ్‌కు ఇవ్వకముందే చూసుకోవాలి. ముక్కలు కోశాక ఆ ముద్ర దొరకదు.