చెక్క పెన్ను ఒక పక్కకి పోతోందా? తప్పు ఉలిది కాకపోవచ్చు

సమస్య: పెన్ను గుండ్రంగా రావట్లేదు

లేత్ (చెక్కని తిప్పుతూ ఉలితో చెక్కే మిషను) మీద తిరుగుతున్నంతసేపూ పెన్ను బాగానే ఉంటుంది. అమర్చాక చెక్కా లోహమూ కలిసే చోట గోరు ఆనించి చుట్టూ తిప్పండి. ఒక పక్క గోరు తట్టుకుంటుంది, ఎదుటి పక్క చెక్క లోపలికి దిగిపోయి ఉంటుంది. నా మొదటి వేప పెన్ను ఇలాగే వచ్చింది. ఉలికి పదును లేదనుకుని వారం రోజులు నూరుతూ కూర్చున్నాను.

ఎక్కువసార్లు కారణం బిగింపే. పెన్ను ముక్కల్ని గుచ్చే మాండ్రిల్ 6 మిల్లీమీటర్ల పైచిలుకు మందమున్న కడ్డీ. వెనక టెయిల్‌స్టాక్ (ముక్క రెండో కొసని పట్టే, ముందుకీ వెనక్కీ జరిగే భాగం) చక్రం బిగించేకొద్దీ అది మధ్యలో విల్లులా వంగుతుంది. వెనక సెంటర్ (కడ్డీ కొసకి ఆనే మొన) కడ్డీతో పాటు తిరిగితే చాలు, అక్కడే ఆపేయాలి. కడ్డీ చివరి నట్టు వేళ్లతో బిగిస్తే సరి, పానా అక్కర్లేదు. తర్వాత కడ్డీని అద్దం మీద దొర్లించి చూడండి. కింద నుంచి వెలుతురు వచ్చి పోతుంటే అది వంగిపోయినట్టే. దాన్ని తిన్నగా చేయడానికి చూడకండి, కొత్తది కొనండి.

అయినా తేడా వస్తోందా? ముందూ వెనకా మొనలున్న సెంటర్లు పెట్టి టెయిల్‌స్టాక్‌ని దగ్గరికి జరపండి. మొనకి మొన తాకాలి. తాకకపోతే ముందు సెంటర్లు దూరే ఆ రెండు రంధ్రాల్లోపల గుడ్డతో తుడవండి. చిన్న చెక్కపొట్టు ఇరుక్కున్నా మొన పక్కకి పోతుంది. తుడిచాక కూడా మొనలు ఎత్తుపల్లంగా ఉంటే, కిందున్న మొనని పట్టుకున్న భాగం అడుగున పల్చటి ఇత్తడి రేకు పెట్టి సరిచేయొచ్చు. కానీ కొత్త మిషనుకి ఆ తిప్పలెందుకు? ఈ మొనల పరీక్ష కొట్లోనే, డబ్బులిచ్చే ముందే చేయించుకోండి.

సమస్య: ఉలి ఆనించగానే మోటారు ఆగిపోతోంది

ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే 775 మోటారు (బొమ్మల్లో వాడే రకం చిన్న డీసీ మోటారు) బుల్లి లేత్‌లతో వచ్చే ఇబ్బంది ఇది. అవి పూసలకి పనికొస్తాయి. ఉన్నదానితోనే నెట్టుకురావాలంటే ముక్క మూలల్ని ముందే రంపంతోనో చిత్రికతోనో తీసేసి, పొరలు పల్చగా చెక్కండి. కొనబోయేవాళ్లు మాత్రం అర హార్స్‌పవర్ మోటారు, పోత ఇనుము బెడ్ (మిషను అడుగు పట్టా), రెండు వైపులా 2వ నెంబరు మోర్స్ టేపర్ (సెంటర్లూ మాండ్రిళ్లూ దూరే సన్నబడే రంధ్రం కొలత) ఉన్నది చూడండి. పెన్ను మాండ్రిళ్లు ఆ కొలతకి తేలిగ్గా దొరుకుతాయి. 1వ నెంబరుదైతే దాని సామాను వెతుక్కోవాల్సి వస్తుంది. వేగం నిమిషానికి 500 నుంచి 3000 చుట్ల దాకా మారాలి. పెన్ను పొట్టిదే కదా అని మరీ పొట్టి బెడ్ తీసుకోకండి. పెన్ను ముక్కకి రంధ్రం లేత్ మీదే వేయాలంటే రెండు చక్‌లు (చెక్కనీ బిట్‌నీ పట్టే బిగింపులు), చెక్క, డ్రిల్ బిట్ వరసగా పట్టాలి.

సమస్య: మిషను దడదడలాడుతోంది

బరువు చాలక. మందపాటి పలకకి బోల్టులతో బిగించండి.

సమస్య: చెక్క చీలుతోంది, లేచిపోతోంది

రంధ్రం వేసేటప్పుడు చీలితే వేడి వల్ల. వేగం తగ్గించి, బిట్‌ని మాటిమాటికీ బయటికి లాగి పొట్టు దులపండి. చెక్కేటప్పుడు పీచు లేస్తుంటే ఉలి పదును పోయినట్టు. ఏటికొప్పాక బొమ్మలకి వాడే అంకుడు కర్ర మెత్తన, చెయ్యి కుదరడానికి అంతకన్నా మంచిది లేదు. టేకు అలా కాదు. అందులో ఇసుక లాంటి సిలికా ఉంటుంది, అంచుని ఇట్టే తినేస్తుంది. టేకు పెన్నుకి ఆఖరి పొర తీసే ముందు ఉలిని తప్పకుండా ఇంకోసారి నూరండి.