బెర్న్‌స్టైన్‌ను వినాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

అమెరికన్ స్వరకర్త, ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ లెనార్డ్ బెర్న్‌స్టైన్ జీవితచరిత్ర తర్వాత చదువుకోవచ్చు. ముందు ‘మరియా’ పాట పెట్టండి. ఆయన సంగీతం కూర్చిన 1957 నాటి సంగీత నాటకం ‘వెస్ట్ సైడ్ స్టోరీ’లోది. ఆ పేరు పలికే మూడు స్వరాలు షడ్జం, ప్రతి మధ్యమం, పంచమం. కాస్త సంగీతం వచ్చినవాళ్ళు ‘స మ ప’ అని పాడి చూడండి, కల్యాణి మధ్యమంతో. ఆ మధ్యమం మీద నిలబడితే టెన్షన్, పంచమం తగిలాక గానీ ఊపిరాడదు. స నుంచి మ కి ఉన్న ఇదే ఎడం ఆ నాటకంలో ‘కూల్’ పాటలోనూ దొరుకుతుంది, వెతకండి.

తర్వాత అదే నాటకంలోని ‘అమెరికా’. దీన్ని తాళం వేస్తూ వినాలి. తకిట తకిట, తక తక తక. లెక్క ఆరే, ఒకసారి మూడేసి, ఒకసారి రెండేసి. మా ఇంట్లో పిల్లలు నాకంటే ముందే పట్టేశారు.

ఇప్పుడు మనిషి దగ్గరికి వద్దాం. 1918లో మసాచుసెట్స్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు ఉక్రెయిన్ నుంచి వలసవచ్చిన యూదులు. సౌందర్య సామగ్రి వ్యాపారం చేసే తండ్రికి కొడుకు సంగీతంలోకి వెళ్ళడం బొత్తిగా ఇష్టం లేదు. పదేళ్ళప్పుడు మేనత్త క్లారా పియానో ఇంటికి రావడంతో ఆయన ఆట సాగలేదు. ప్రార్థనా మందిరంలో విన్న యూదు సంగీతం ఎంత లోతుకు దిగిందో తెలియాలంటే 1942లో బెర్న్‌స్టైన్ పూర్తిచేసిన ‘జెరెమియా’ సింఫనీ (ఆర్కెస్ట్రా కోసం రాసే పెద్ద రచన) చివరి భాగం వినండి. ఒక స్త్రీ గొంతు హీబ్రూలో విలపిస్తుంది.

కండక్టింగ్ నేర్పిన గురువుల్లో ఫ్రిట్జ్ రైనర్ స్వరపత్రాన్ని అక్షరం పొల్లుపోకుండా చదివించాడు. కూసెవిట్‌స్కీ ఆవేశం నేర్పాడు. ఆయనిచ్చిన కఫ్‌లింకులను ముద్దుపెట్టుకుని గానీ బెర్న్‌స్టైన్ వేదిక ఎక్కేవాడు కాదు. 1943 నవంబర్ 14న కచేరీ నడపాల్సిన కండక్టర్ బ్రూనో వాల్టర్‌కు జబ్బు చేస్తే, రిహార్సల్ లేకుండా న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాను నడిపాడన్న కథ అందరూ చెప్పేదే.

బెర్న్‌స్టైన్ కండక్టింగ్‌లో నేను ముందు చూపించేది మాత్రం వేరు. వియన్నా ఫిల్హార్మోనిక్‌తో స్వరకర్త హైడన్ 88వ సింఫనీ చివరి భాగాన్ని మళ్ళీ వాయించిన వీడియో. చేతులు కదపడు. కనుబొమలు, పెదవులు, ఒక కొంటె చూపు, అంతే. మన కచేరీలో గాయకుడు కనుసైగతో వయొలిన్‌కు వదిలేస్తాడే, ఆ పని ఆర్కెస్ట్రా మొత్తంతో చేస్తాడు. మొదటిసారి ఆయన ముఖం చూడండి, రెండోసారి వాయిద్యకారుల ముఖాలు.

ఆయన నడిపిన మాలర్ అనే స్వరకర్త సింఫనీల జోలికి ఇవన్నీ అయ్యాకే వెళ్ళండి. రెండో సింఫనీ ఒక్కటే దాదాపు గంటన్నర పడుతుంది, ఆదివారం పొద్దున పెట్టుకోండి.