1945 నాటి అమెరికా వీధి నమూనాలో ఏ కార్లు పెట్టాలి

రెండో ప్రపంచ యుద్ధం వల్ల అమెరికాలో మామూలు జనానికి కార్ల తయారీ 1942 ఫిబ్రవరిలో ఆగిపోయింది. కాబట్టి 1945 వేసవి వీధిలో పాత బళ్లే ఉండాలి. షెవ్రొలే, ఫోర్డ్, ప్లిమత్ ఎక్కువ పెట్టండి. 1936–41 మోడళ్ల మధ్య ఫోర్డ్ మోడల్-ఎ (1928–31) ఒకటో రెండో ఉంటే వీధికి ప్రాణం వస్తుంది. 1942వి ఒకటి చాలు.

ఏడాది పట్టించేది హెడ్‌లైటు. 1940 షెవ్రొలేకి అది ఫెండర్ (చక్రం మీది మడ్‌గార్డు) మీద విడిగా ఉబ్బి ఉంటుంది, 1941లో ఫెండర్‌లోనే ఇమిడిపోయింది. 1942 జనవరిలో తయారైనవాటికి బంపర్లు తప్ప ఎక్కడా మెరిసే క్రోమ్ ఉండదు, పట్టీలకు రంగే వేశారు. చాలామంది ఇక్కడే వెండిరంగు పూసి బండిని పాడుచేస్తారు.

రబ్బరు కొరత కాలం, తెల్ల అంచు టైర్లు వద్దు. నల్లవాటినే సన్నని ఎమరీ కాగితంతో గాడులు అరిగేలా రుద్దండి. ముందు అద్దానికి పెట్రోలు రేషన్ స్టిక్కర్ అంటించండి: ఎక్కువ కార్లకు నల్లటి ‘ఎ’, ఉద్యోగానికి తిరిగే కొన్నింటికి ఆకుపచ్చ ‘బి’. పెట్రోలు రేషన్ 1945 ఆగస్టు 15న ఎత్తేశారు.

జోడించి చేసే బొమ్మకారు కిట్ కొనేటప్పుడు ఫోర్డ్ గ్రిల్ (ముందువైపు జాలీ) చూడండి. నిలువు కడ్డీలుంటే 1942ది, పనికొస్తుంది. అడ్డకడ్డీలుంటే 1946ది, బాడీ దాదాపు అదే అయినా పక్కన పెట్టేయండి.