పెరట్లో సీతాకోకచిలుకలను పెంచడం ఎలా?

సీతాకోకచిలుకల తోట అనగానే చాలామంది కడియం వెళ్లి పూలమొక్కలు కొని తెస్తారు. ఆ పూలకు సీతాకోకచిలుకలు వస్తాయి, తేనె తాగి పోతాయి. అవి మన పెరట్లోనే పుట్టి పెరగాలంటే గొంగళిపురుగు తినే ఆకు కూడా ఉండాలి. ఆ పురుగు ఏ ఆకు పడితే ఆ ఆకు ముట్టదు కనుక, తల్లి తగిన మొక్కను వెతుక్కుని, ముందుకాళ్లతో ఆకును తట్టి రుచి చూసి మరీ గుడ్డు పెడుతుంది.

కోనసీమ ఇళ్లలో ఆ పని సగం ఇప్పటికే అయిపోయి ఉంటుంది. నలుపు మీద లేత పసుపు మచ్చలుండే నిమ్మ సీతాకోకచిలుకకు నిమ్మ, నారింజ, మారేడు, కరివేపాకు చాలు. కాలువగట్టున పెరిగే జిల్లేడు మీద నారింజరంగు రెక్కలకు నల్లని అంచున్న రకం పెరుగుతుంది. అయితే జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం కాబట్టి పిల్లలను దాని దగ్గరికి పంపకండి. ప్రహరీ వెంట నిటారుగా పెంచే అశోక చెట్లకు, సీతాఫలానికి ఆకుపచ్చ మచ్చల సీతాకోకచిలుక వస్తుంది. కూరలోకి వాడే కరివేపాకు చెట్టును వదిలేసి, వీటి కోసం మరో రెండు మొక్కలు విడిగా నాటండి. లేకపోతే ఇంట్లో మాట పడవలసి వస్తుంది.

డెల్టా ఒండ్రునేలలో వానాకాలం నీరు నిలుస్తుంది కనుక, జానెడు ఎత్తున మట్టి పోసి నాటాలి. కొబ్బరిచెట్ల నీడ పడని, రోజుకు ఐదారు గంటలు ఎండ తగిలే చోటు ఎంచుకోండి. పూలకు నూరువరహాలు, బిళ్లగన్నేరు, ఒంటిరేకు మందారం బాగుంటాయి. ముద్దబంతి చూడటానికి నిండుగా ఉన్నా, సీతాకోకచిలుకకు తేనె సులువుగా అందేది రేకబంతిలోనే. తనంతట తాను మొలిచే గడ్డిచేమంతిని పీకవద్దు. ఇక మందుల విషయంలో మినహాయింపు లేదు: పురుగుమందు, దోమల స్ప్రే, చివరకు వేపనూనె కూడా ఆ మొక్కల దగ్గర వాడకూడదు. కొత్తగా కొన్న మొక్కపై మందు కొట్టి ఉండవచ్చు కాబట్టి, కొత్త చిగుళ్లు బాగా వచ్చేదాకా దాని ఆకును పురుగులకు పెట్టకండి.

ఇంట్లో పెంచి చూడాలనుకుంటే నిమ్మ సీతాకోకచిలుకతో మొదలుపెట్టడం తేలిక. లేత చిగుళ్ల మీద గసగసాల గింజంత, లేత పసుపురంగు గుడ్డు ఒంటరిగా కనబడుతుంది. ఆ రెమ్మను తుంచి నీళ్లున్న చిన్న సీసాలో పెట్టి, పురుగు నీళ్లలో పడి చావకుండా సీసా మూతిని దూదితో మూసి, మొత్తాన్ని ఒక బుట్టలో ఉంచి దోమతెర గుడ్డ కట్టండి. బుట్టకు నాలుగైదు పురుగులకు మించవద్దు. మూడు నాలుగు రోజుల్లో పిల్ల బయటికి వస్తుంది. మొదట అది అచ్చం పిట్ట రెట్టలా కనబడుతుంది, ఆఖరి దశలో ఆకుపచ్చగా మారుతుంది. అప్పుడు మెల్లగా తాకి చూస్తే, తల వెనకనుంచి రెండు పాయల ఎర్రని కొమ్ము బయటికి వచ్చి ఘాటైన వాసన కొడుతుంది. శత్రువులను బెదిరించే ఆ ఆయుధం మనకు అపాయం చేయదు.

రోజూ తాజా ఆకు వేసి, రెట్టలు తీసి, బుట్ట తుడవాలి. మన ఉక్కపోతలో తడి నిలిస్తే బూజు పడుతుంది. ఆకు మార్చేటప్పుడు పురుగును పట్టి లాగకుండా, అది అంటుకున్న ఆకుతోనే కొత్త రెమ్మ మీదికి చేర్చండి. సుమారు రెండు వారాలకు అది తిండి మాని అటూ ఇటూ తిరుగుతుంది. అప్పుడు గరుకైన ఎండుపుల్లలు నిలబెడితే, నడుముకు పట్టుదారం చుట్టుకుని పుల్లకు ఆనుకుని ప్యూపాగా, అంటే గట్టి పొర లోపల కదలకుండా ఉండే దశకు మారుతుంది. దాన్ని కదపకండి. ఒక్కోసారి సీతాకోకచిలుకకు బదులు చిన్న కందిరీగలు బయటపడతాయి. వాటి తల్లి అంతకుముందే లోపల గుడ్లు పెట్టిందన్నమాట, మీ పెంపకంలో లోపం కాదు.

వారం పది రోజులకు ప్యూపా పైపొర పలచబడి లోపలి రెక్కల మచ్చలు కనబడితే, మర్నాటికి సీతాకోకచిలుక వచ్చినట్లే. ముడతలుపడిన తడి రెక్కలు సాగడానికి అది వేలాడవలసిందే కాబట్టి, చుట్టూ ఖాళీ ఉంచండి. కారే ఎర్రని ద్రవం రక్తం కాదు, ప్యూపా దశలో మిగిలిన వ్యర్థం. రెండు మూడు గంటల తర్వాత, ఎండ ఉండగా వదిలిపెట్టండి.

తోటలో ఒక పళ్లెంలో ఇసుక పోసి, చిటికెడు ఉప్పు కలిపి తడిగా ఉంచితే లవణాల కోసం మగవి వాలతాయి. పక్కనే బాగా మగ్గిపోయిన చక్రకేళి ఒకటి పెట్టండి. వరి ఆకు తిని పెరిగే గోధుమరంగు సీతాకోకచిలుక ఒకటి మునిమాపువేళ పొలాల వైపునుంచి దానికోసం వస్తుంది. రెక్కలు ముడిస్తే ఎండుటాకే అనిపిస్తుంది కాబట్టి, అడుగు చూసుకుని వేయండి.