మంచు కురవకముందే: స్నోమొబైల్ డ్రైవ్ బెల్ట్ ఎంపికలోనూ మార్పిడిలోనూ తీసుకోవలసిన జాగ్రత్తలు

మంచు మీద నడిచే బండి స్నోమొబైల్‌లో, వెనక చక్రాలకు బదులు తిరిగే వెడల్పాటి ట్రాక్‌కు ఇంజన్ బలాన్నంతటినీ చేరవేసేది ఒకే ఒక్క రబ్బరు బెల్ట్. గేర్లు లేని స్కూటర్లలో ఉండే ఏర్పాటే ఇక్కడ ఇంకా పెద్ద ఎత్తున ఉంటుంది. ఇంజన్ తిప్పే ఇరుసు అయిన క్రాంక్‌షాఫ్ట్ మీద ప్రైమరీ క్లచ్, ట్రాక్ వైపు షాఫ్ట్ మీద సెకండరీ క్లచ్ ఉంటాయి. ఒక్కో క్లచ్ బెల్ట్‌ను మధ్యలో పట్టుకునే రెండు పలకల కప్పీ లాంటిది. ఇంజన్ వేగం పెరిగేకొద్దీ ప్రైమరీ పలకలు దగ్గరకు జరిగి బెల్ట్‌ను పైకి నెడుతుంటే, సెకండరీ పలకలు విడివడి అక్కడ బెల్ట్ లోపలికి దిగుతుంది. చాలా మోడళ్లలో బెల్ట్ వెడల్పు 35 నుంచి 38 మిల్లీమీటర్లకు మించదు. నూటయాభై హార్స్‌పవర్ ఇంజన్ అయినా ఆ పట్టీ రెండు పక్క అంచుల పట్టుతోనే ట్రాక్‌ను తిప్పాలి. అది తెగిన చోటే బండి ఆగిపోతుంది. గడ్డకట్టే చలిలో, రోడ్డుకు ఎంతో దూరాన అలా నిలిచిపోవడం ప్రాణం మీదకు వచ్చే విషయం కాబట్టి, ఈ పనిని మొదటి మంచు పడకముందే తీరికగా, వెలుతురు ఉన్నచోట పూర్తిచేసుకోవాలి.

కొత్త బెల్ట్ కొనేముందు పాత బెల్ట్ ఎందువల్ల పాడయిందో తెలుసుకోవాలని నేను గట్టిగా చెబుతాను. కారణం తెలియకుండా ఎంత ఖరీదైన బెల్ట్ వేసినా, పాతదాన్ని తిన్న లోపమే కొత్తదాన్నీ తింటుంది. ఇంజన్ ఆపి, తాళంచెవి తీసి, క్లచ్‌లు చల్లారాక బెల్ట్ తీసి, దాని మొత్తం చుట్టును వేళ్ల మధ్య నెమ్మదిగా జరుపుతూ చూడండి. పక్క అంచులు అద్దంలా నిగనిగలాడుతూ గట్టిపడి ఉంటే బెల్ట్ జారుతూ వేడెక్కిందని అర్థం. ఒక అంచు మాత్రమే ఎక్కువగా అరిగినా, అంచు నుంచి దారప్పోగులు బయటకు వస్తున్నా రెండు క్లచ్‌లు ఒకే వరుసలో లేవని అనుమానించాలి. లోపలి పళ్ల మధ్య సన్నని పగుళ్లు కనిపిస్తే రబ్బరుకు వయసు మీరింది. ఒక్కచోట మాత్రం రెండు వైపులా నొక్కినట్టు సన్నబడి, కాలిన వాసన వేస్తుంటే, ట్రాక్ కదలకుండా ఉన్నప్పుడు థ్రాటిల్ (యాక్సిలరేటర్) నొక్కారన్నమాట. ప్రైమరీ క్లచ్ కదలని బెల్ట్ మీద తిరుగుతూ ఆ ఒక్కచోటునే కాల్చేస్తుంది. ఆ బెల్ట్‌తో నడిపితే ప్రతి చుట్టుకూ ఒక కుదుపు తెలుస్తుంది. ఇది బెల్ట్ నాణ్యతా లోపం కానే కాదు.

ఎంపికలో అన్నిటికన్నా ముఖ్యమైనది కొలత. బండి తయారీదారు మాన్యువల్‌లో ఇచ్చిన పార్ట్ నంబరునే ఆధారం చేసుకోవాలి. వేరే కంపెనీ బెల్ట్ తీసుకునేటట్టయితే, ఆ కంపెనీ ప్రచురించిన పట్టికలో మీ బండి మోడల్, సంవత్సరం, ఇంజన్ మూడూ సరిపోవాలి. ఒకే పేరుతో వచ్చిన బండికి వేర్వేరు సంవత్సరాల్లో వేర్వేరు బెల్ట్‌లు ఉండవచ్చు. చుట్టుకొలతలో, పై వెడల్పులో, పక్క అంచుల వాలులో చిన్న తేడా ఉన్నా క్లచ్‌లు పనిచేసే తీరే మారిపోతుంది. పొట్టి బెల్ట్ సెకండరీ క్లచ్‌లోకి లోతుగా దిగి, బండి ఐడిల్‌లోనే, అంటే థ్రాటిల్ నొక్కకుండానే, ముందుకు పాకుతుంది. పొడవు ఎక్కువైతే వదులుగా ఉండి, బయలుదేరేటప్పుడు కుదుపు వస్తుంది. ఒక శీతాకాలం “ఇది కూడా సరిపోతుంది” అని ఒక దుకాణంలో చెప్పిన మాట నమ్మి, నంబరు పోల్చుకోకుండా నేను ఒక బెల్ట్ తెచ్చుకున్నాను. చేతిలో పట్టుకుంటే పాతదానికీ దీనికీ తేడా కనిపించలేదు. వేశాక ఇంజన్ ఐడిల్‌లో ఉండగానే ట్రాక్ మెల్లగా తిరగసాగింది. మందం, వెడల్పు కొలిచే కాలిపర్‌తో కొలిస్తే కొత్తది మిల్లీమీటరు కన్నా కొంచెం ఎక్కువ వెడల్పుంది. ఆ బెల్ట్‌ను అప్పుడే తీసేశాను. అప్పటినుంచి కొలవకుండా ఏ బెల్ట్‌నూ బండిలోకి ఎక్కించలేదు.

కొలత కుదిరాక లోపలి దారాల సంగతి చూడాలి. బెల్ట్ బలం రబ్బరులో కన్నా దానిలో పొదిగిన దారాల్లో ఎక్కువగా ఉంటుంది. పాలిస్టర్ దారాలు కొంత సాగుతాయి. తేలికపాటి బండిని మెల్లగా నడిపేవారికి అవి చాలు. కెవ్లార్ పేరుతో ఎక్కువమందికి తెలిసిన అరమిడ్ దారాలు దాదాపుగా సాగవు, వేడినీ బాగా తట్టుకుంటాయి. పెద్ద ఇంజన్లకూ, లోతైన మంచులో ఎక్కువసేపు పూర్తి థ్రాటిల్‌తో ఎక్కేవారికీ, వెనక బరువు లాగేవారికీ ఇవే తగినవి. కార్బన్ దారాల బెల్ట్‌లు ఇంకా బలమైనవి, ధర కూడా ఎక్కువే. అయితే అన్నిటికన్నా గట్టి బెల్టే అన్నిటికన్నా ఎక్కువ కాలం మన్నుతుందని అనుకోవడం పొరపాటు. క్లచ్‌లు వరుస తప్పి ఉంటే గట్టి బెల్ట్ ఆ తప్పును ఓర్చుకోదు. తయారీదారు ఆ ఇంజన్ కోసం ఎంచిన రకం ఏదో, ముందుగా దానికే నా ఓటు.

బెల్ట్ మీద తయారీ తేదీ ముద్రించి ఉంటే చదవండి. ఏళ్ల తరబడి అల్మారాలో ఉన్న రబ్బరు వాడకపోయినా గట్టిపడుతుంది. అరమిడ్, కార్బన్ దారాలు పదునుగా మడిస్తే లోపలే విరుగుతాయి, బయటికి ఏమీ కనిపించదు. అందువల్ల మెలిపెట్టి చిన్న అట్టపెట్టెలో కుక్కిన బెల్ట్‌ను చవకగా ఇచ్చినా తీసుకోవద్దు.

బిగించేముందు కొత్త బెల్ట్‌ను గోరువెచ్చని సబ్బు నీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టండి. అచ్చులోంచి తీసేందుకు పూసిన పదార్థం అంచుల మీద మిగిలి ఉంటే బెల్ట్ జారుతుంది. క్లచ్ పలకల మీద నల్లగా అతుక్కున్న రబ్బరును గీరుడు ప్యాడ్‌తో తీసి, నూనె మిగల్చని ద్రావకంతో తుడవండి. బెల్ట్ మీద బాణం గుర్తు ఉంటే ఆ దిశలోనే వేయాలి, ఒకసారి తిరిగిన దిశను మళ్లీ మార్చకూడదు. సెకండరీ క్లచ్ అంచుకు బెల్ట్ ఎంత ఎత్తులో ఉండాలో, మధ్యలో నొక్కితే ఎంత దిగాలో మాన్యువల్ చెబుతుంది. ఆ రెండు అంకెలూ సరిపడే వరకు సర్దుబాటు చేయండి. బెల్ట్‌ను కప్పి ఉంచే గార్డు తిరిగి బిగించకుండా ఇంజన్ నడపవద్దు. తెగిన బెల్ట్ ముక్కలు మనిషిని గాయపరిచేంత వేగంతో ఎగురుతాయి. బెల్ట్ లేకుండా ఇంజన్ వేగం పెంచడం ప్రైమరీ క్లచ్‌కే ప్రమాదం.

ఇక మంచులో బయలుదేరే రోజు. రాత్రంతా నిలిపిన బండిలో ట్రాక్ చుట్టూ మంచు గడ్డకట్టి ఉంటుంది. ముందుగా వెనక భాగాన్ని ఎత్తి వదిలి, ముందున్న స్కీలను (మంచు మీద జారే పలకలను) పక్కలకు ఊపి అన్నీ విడిపించుకోవాలి; ఆ తర్వాతే ఇంజన్‌ను కొన్ని నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, మెల్లగా కదలాలి. చలికి బిగుసుకున్న బెల్ట్‌ను ఒక్కసారిగా లాగితే ఎంత మేలైనదైనా నిలవదు. స్పేర్ బెల్ట్‌ను ఎగ్జాస్ట్ వేడి తగలనిచోట, వెడల్పైన వలయంగా పెట్టుకోండి. సెకండరీ పలకలను విప్పే పనిముట్టు కూడా వెంట ఉండాలి. ఆ పనిని ఇంట్లోనే, చేతికి తొడుగులు వేసుకుని ఒకటి రెండుసార్లు చేసి చూసుకుంటే దారిలో తడబాటు ఉండదు. దారిలో బెల్ట్ తెగితే కొత్తది వేసేముందు ప్రైమరీ క్లచ్ వెనక చుట్టుకున్న ప్రతి దారప్పోగునూ ఏరివేయాలి, లేకుంటే అవి క్రాంక్‌షాఫ్ట్ బయటికి వచ్చేచోట ఉండే సీలును కోసేస్తాయి.

కొత్త బెల్ట్‌తో మొదటి 50 కిలోమీటర్లు పూర్తి థ్రాటిల్ ఇవ్వకుండా, బరువు లాగకుండా, వేగాన్ని మారుస్తూ నడపండి. ఆ తర్వాత గార్డు తీసి, బెల్ట్ దిగే కొలతను మరోసారి చూడండి. అంచులు కుదురుకుని బెల్ట్ కొద్దిగా వదులై ఉండవచ్చు, అప్పుడు సర్దుబాటు మళ్లీ చేయవలసి వస్తుంది.