గర్భిణిగా విహారయాత్రకు చోటు ఎంచుకోవడం

గర్భధారణలో ప్రయాణానికి అనువైన కాలం సాధారణంగా 14వ వారం నుంచి 28వ వారం వరకు ఉంటుంది. అప్పటికి వేవిళ్లు చాలామందికి తగ్గుతాయి, కడుపు బరువు ఇంకా నడకకు అడ్డు రాదు. తేదీలు నిర్ణయించే ముందు వైద్యురాలిని తప్పక సంప్రదించండి.

చోటును ఎంచేటప్పుడు అందం కన్నా ముందు చూడవలసింది, అర్ధరాత్రి అవసరమైనా చేరుకోగలిగేంత దగ్గరలో ప్రసూతి వైద్యం, నవజాత శిశువుల చికిత్స ఉన్న ఆసుపత్రి ఉందా అన్నది. జికా వైరస్, మలేరియా వ్యాపించే ప్రాంతాలను ఈసారికి వదిలేయడమే మంచిదని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే జికా శిశువు మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, మలేరియా గర్భిణులలో మరింత తీవ్రంగా పరిణమిస్తుంది. చాలా ఎత్తైన పర్వత ప్రాంతాలూ వద్దు. సముద్రతీరానికి వెళ్లినా స్కూబా డైవింగ్ జోలికి పోకండి.

విమానాలలో 28 వారాలు దాటాక చాలా సంస్థలు వైద్యుల ధ్రువపత్రం అడుగుతాయి, 36 వారాల తర్వాత ఎక్కువ సంస్థలు ఎక్కనివ్వవు, కవలలైతే ఈ గడువు ఇంకా ముందే ముగుస్తుంది. తిరుగు ప్రయాణం నాటికి ఎన్నో వారమో లెక్కించడం చాలామంది మరిచిపోతారు. నాలుగు గంటలు మించిన ప్రయాణంలో కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది కాబట్టి, నడవా పక్క సీటు తీసుకొని తరచూ లేచి నడవండి, నీళ్లు బాగా తాగండి. కారులో సీటు బెల్టు కింది పట్టీ పొట్ట మీదుగా కాక, పొట్ట కిందుగా తొడల పైభాగాన ఉండాలి.

ప్రయాణ బీమా గర్భ సంబంధ చికిత్సకు, నెలలు నిండకుండా పుట్టే బిడ్డ వైద్యానికి వర్తిస్తుందో లేదో చదివి చూడండి. వైద్య రికార్డుల ప్రతిని చేతి సంచిలోనే ఉంచుకోండి.