కారు సీటుని కడగొద్దు, తుడవండి

ముందు నేను చేసిన వెధవ పని చెప్తాను. శ్రీశైలం ఘాట్ రోడ్డు మలుపుల్లో మా చిన్నోడు తాగిన పాలన్నీ వెనక సీటు మీద కక్కేశాడు. ఇంటికొచ్చాక నేను పైపు పెట్టి సీటంతా కడిగి పారేశాను. అసలే ఆగస్టు, బయట ముసురు. పైన గుడ్డ మర్నాటికి ఆరింది గానీ లోపలి ఫోమ్ తాగిన నీళ్లు ఎక్కడికి పోతాయి? రెండు వారాల పాటు కారు తలుపు తీస్తే చాలు, ముక్కిన వాసన గుప్పుమనేది. అప్పట్నుంచీ గుడ్డ సీట్లకి నీళ్లు తగలనివ్వను, నురగ మాత్రమే.

మొదట వ్యాక్యూమ్. కుట్ల సందుల్లో ఇసుక, మురుకుల పొడి ఉండగా తడి చేస్తే అదంతా బురదై గుడ్డలోకి దిగుతుంది. తర్వాత అర లీటరు గోరువెచ్చని నీళ్లలో ఒక చెంచా గిన్నెలు తోమే లిక్విడ్ వేసి బాగా గిలకొట్టి, పైన తేలిన నురగ మాత్రం మెత్తటి బ్రష్‌తో తీసుకుని రుద్దండి (ముందు ఎవరికీ కనపడని మూల చిన్న ముక్క మీద చూసుకోండి, రంగు వదిలే గుడ్డలూ ఉంటాయి). గట్టిగా పిండిన మైక్రోఫైబర్ గుడ్డతో నురగ తీసేసి, పొడి గుడ్డ పెట్టి అదమండి. మరక ఉన్నచోటే తుడిస్తే ఆరాక దాని చుట్టూ గీత పడుతుంది, అందుకని ఆ కుట్టు నుంచి ఈ కుట్టు దాకా మొత్తం తుడవాల్సిందే.

సాంబారు ఒలికితే అసలు టెన్షన్ పసుపుతోనే. సబ్బు తగలగానే అది ఎర్రబడుతుంది, కంగారు పడకండి, పసుపు గుణమే అంత. జిడ్డు వదిలించి, సబ్బు పోయేదాకా తడిగుడ్డతో తుడిచి, మరకకి ఎండ తగిలేలా కారు నిలపండి. నాలుగైదు రోజుల్లో చాలావరకు వెలిసిపోతుంది. పాలు, గుడ్డు, వాంతి లాంటివైతే నురగకి గోరువెచ్చనివి కాకుండా చన్నీళ్లే వాడాలి, వేడినీళ్లు తగిలితే అవి గడ్డకట్టి పట్టేసుకుంటాయి. ఆరాక వంటసోడా చల్లి రాత్రంతా వదిలేసి పొద్దున వ్యాక్యూమ్ చేస్తే వాసన తగ్గుతుంది. హెడ్‌రెస్ట్ మీద కొబ్బరినూనె మరకకి కూడా ముందు పొడి సోడానే, అది నూనె పీల్చాకే నురగ.

లెదరెట్ (తోలులా కనిపించే కృత్రిమ షీటు) సీట్లకి ఇంత తంటా లేదు, తడిగుడ్డ చాలు. శానిటైజర్, స్పిరిట్, థిన్నర్ మాత్రం వద్దు, పై పూత పోయి పొరలు లేస్తుంది. గాలి వచ్చే చిల్లుల సీట్లయితే వాటి మీద నేరుగా ఏదీ స్ప్రే చేయకండి.

ఇంకోటి, ముందు సీట్ల పక్కన ఎయిర్‌బ్యాగ్ అని చిన్న ట్యాగ్ ఉందేమో చూడండి. ఉంటే ఆ వైపు తడి బాగా తగ్గించాలి, సీటు కింద పసుపురంగు కనెక్టర్ల జోలికి అస్సలు వెళ్లొద్దు. మరకలు కప్పేద్దామని కవర్లు వేయించేవాళ్లు కూడా ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవడానికి వీలుగా కుట్టినవే అడగండి, షాపువాడు ఏం కాదులే అన్నా సరే.

ఎండబెట్టేటప్పుడు తలుపులు నాలుగూ తీసి, వాన రోజైతే టేబుల్ ఫ్యాన్ పెట్టండి. సీటు బెల్టు కూడా తుడిస్తే పూర్తిగా బయటికి లాగి, వెనక్కి పోకుండా బట్టల క్లిప్పు పెట్టి, రాత్రంతా ఆరనిచ్చాకే వదలండి. దానికి బ్లీచ్ తగలనివ్వకండి, పట్టీ బలహీనపడుతుంది.